తాళాల పనివారికి కొత్త పనిముట్లు

సంపాదకుల వారికి,

చేతివృత్తుల వారి కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాళాల పనివారికీ చోటు దక్కింది గానీ, పనిముట్లకిచ్చే రూ.15 వేలు నేటి తలుపులకు చాలవని నా అభిప్రాయం. పాత తాళమైతే పళ్లు లేని తాళంచెవిని ఆకురాయితో అరగదీసి పని కానిచ్చేవారు. ఇప్పుడు అపార్టుమెంట్లలో బిగిస్తున్న డింపుల్ తాళాల చెవులకు అంచున పళ్లకు బదులు, చదునైన ముఖం మీద వేర్వేరు లోతుల్లో చిన్న గుంతలు ఉంటాయి కాబట్టి, వాటిని కొలత తప్పకుండా తొలిచే యంత్రం లేనిదే మారు చెవి సరిగా కుదరదు. అది లేక, తాళంలో చెవి దూరే సిలిండరుకే డ్రిల్లు పెడితే తాళమే మార్చాలి. ఆ ఖర్చు ఇంటివారి నెత్తిన పడుతుంది. ఈ యంత్రాలపై ఐటీఐల్లో శిక్షణ ఇప్పించి, పథకం కింద 5 శాతం వడ్డీకి దొరికే రుణంతో వాటిని కొనుక్కునేలా అధికారులు దారి చూపాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వరంగల్