ఆ ‘లేదు’ గురించి

చిరంజీవి బాబుకు మీ నాన్న ఆశీర్వదించి రాయునది.

ఫోన్‌లో అయితే మాటామాటా పెరుగుతుందని ఉత్తరం రాస్తున్నాను. అమెరికా ప్రభుత్వ రహస్య సమాచారం చూసేందుకు ఇచ్చే అనుమతి, అదే సెక్యూరిటీ క్లియరెన్స్ కోసం పంపిన ఎస్‌ఎఫ్-86 ఫారంలో, పోలీసు కేసుల గురించి అడిగే 22వ సెక్షన్ దగ్గర ‘లేదు’ అని పెట్టానన్నావు. నీ షాపు దొంగతనం కేసు రికార్డును కోర్టు చెరిపేసింది కాబట్టి అది లేనట్టేనని అప్పట్లో లాయరు చెప్పాడన్నావు. ఆయన చెప్పింది మామూలు ఉద్యోగాల సంగతి. కేసు కొట్టేసినా, రికార్డుకు సీలు వేసినా, చెరిపేసినా సరే రాయాల్సిందేనని ఈ ఫారంలోనే ఉంది. మినహాయింపు కొన్ని మాదకద్రవ్యాల కేసులకే, నీది ఆ కోవలోకి రాదు. మామూలు కేసులకు గత 7 ఏళ్లవి చెప్పమంటారు, నీది జరిగి 5 ఏళ్లే.

19వ ఏట షాపులోంచి 40 డాలర్ల ఇయర్‌ఫోన్లు జేబులో వేసుకొచ్చినందుకే నీకు క్లియరెన్స్ రాకుండా పోతుందని నేను అనుకోను. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో నేరాలకు సంబంధించిన ‘జె’లోనే, ఎంతకాలం గడిచింది, మనిషి దారిలో పడ్డాడా లేదా అన్నది చూడమని ఉంది. నువ్వు షాపుకు డబ్బు కట్టావు, కోర్టు చెప్పిన సేవ చేశావు, డిగ్రీ పూర్తి చేశావు. కానీ తెలిసి దాచడం వ్యక్తిగత ప్రవర్తనకు సంబంధించిన ‘ఇ’ కిందికి వస్తుంది. పాత తప్పుకు 5 ఏళ్లు నిండితే దీనికి ఇంకా 10 రోజులు కూడా నిండలేదు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్ నౌకాదళ కేంద్రంలో కూలిపనికి చేరిన థామస్ ఈగన్‌కు క్లియరెన్స్ నిరాకరించినప్పుడు, పాత శిక్షలతో పాటు, అంతకుముందు పడిన రెండు శిక్షలను దరఖాస్తులో చెప్పకపోవడాన్ని కూడా కారణంగా చూపారు. ఆ వ్యాజ్యంలోనే, క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1988లో తేల్చింది. అనుమానం మిగిలితే అది దేశభద్రత వైపే తూగుతుంది, నీ వైపు కాదు.

ఎవరూ నిలదీయకముందే, ఆలస్యం చేయకుండా తనంతట తాను సరిదిద్దుకున్నవాడికి ‘ఇ’లోనే సడలింపు ఉంది. విచారణాధికారి ఇంకా పిలవలేదన్నావు కనుక, ఈ రోజే మీ సంస్థ సెక్యూరిటీ ఆఫీసరుకు తేదీతో, కోర్టు పేరుతో సహా రాసి ఇవ్వు. పొరబాటున పెట్టానని మాత్రం రాయకు, రెండు రోజులు ఆలోచించి పెట్టానని నువ్వే నాతో అన్నావు. అడిగితే ఆ మాట కూడా చెప్పు.

ఇందులో నా తప్పూ ఉంది. ఆ రాత్రి పోలీసు స్టేషన్ నుంచి కారులో వస్తూ, నాయనమ్మకు తెలియకూడదు, మామయ్య చెవిన పడకూడదు అని ఒట్టు వేయించుకున్నది నేనే. కోర్టు కాగితాలను మా పెళ్లి ఆల్బమ్ కింద పెట్టి, బీరువాకు తాళం వేసిందీ నేనే. మనిషి దాచుకున్న రహస్యాన్ని పట్టుకుని ఎవరైనా అతణ్ణి బెదిరించి లొంగదీసుకోవచ్చన్నది క్లియరెన్స్ ఇచ్చేవాళ్ల భయాల్లో ఒకటి. మన పరువు కోసమని నేను నీకు అలాంటి రహస్యాన్నే అంటగట్టాను.

నిన్న రాత్రి భీమవరం ఫోన్ చేసి నాయనమ్మకు అంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “షాపువాడి డబ్బు కట్టేశాడా?” అని అడిగింది. కట్టేశాడన్నాను. మామయ్యకు ఆదివారం చెబుతాను. కాగితాల నకళ్లు ఈ కవరులోనే పెట్టాను. మూడో పేజీలో కోర్టు సీలు సరిగ్గా పడలేదు, అసలు కావాలంటే చెప్పు, పంపిస్తాను.

మీ నాన్న