కన్నా, ఏదీ చెరపకు

కన్నా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది. అమ్మమ్మ కొత్త కళ్లజోడు పక్కన పడేసి మళ్లీ పాతదే పెట్టుకుంటోంది. నువ్వు వేళకు నిద్రపోతున్నావా?

"లాప్‌టాప్ బూట్ కావడం లేదమ్మా, తర్వాత మాట్లాడతాను" అని రాసి పదకొండు రోజులైంది. తర్వాత ఒక్క మాటా లేదు. నిన్న చిన్నత్త ఫోను చేసి, నువ్వు డిస్కంతా ఫార్మాట్ చేసి లినక్స్ మళ్లీ ఎక్కిస్తానంటున్నావని చెప్పింది. నిజమేనా? తొందరపడకు. బూట్ కానంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు.

నీ గదిలో ఆ కుర్చీ మార్చుకున్నావా? నడుము జాగ్రత్త.

ముందు అది ఎక్కడ ఆగుతోందో చూడు. లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్ గ్రబ్ కదా, దాని మెనూ వస్తోందా? వస్తే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ పాతదానితో ప్రయత్నించు. చాలాసార్లు అప్‌డేట్ మధ్యలో బూట్ పార్టిషన్, అంటే డిస్కులో బూట్ ఫైళ్లుండే భాగం, నిండిపోయి, కొత్త కెర్నల్ మొదలవడానికి కావలసిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైలు సరిగా తయారు కాదు. 'గ్రబ్ రెస్క్యూ' దగ్గర ఆగితే, గ్రబ్‌కు తన ఫైళ్లు దొరకడం లేదన్నమాట. పార్టిషన్లు ఏమైనా కదిపావా? ఒకటిన్నర నిమిషం లెక్కపెట్టి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్తే, ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలు చూడు. అందులో రాసిన యూయూఐడీ, అంటే గుర్తింపు సంఖ్య, ఉన్న డిస్కు దానికి కనబడటం లేదేమో.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 2001లో మన ఇంటి కంప్యూటర్‌లో గ్రబ్ కాదు, అదే పని చేసే లిలో ఉండేది. బూట్ అయ్యేటప్పుడు తన పేరులోని నాలుగు అక్షరాలనూ ఒక్కొక్కటిగా తెర మీద చూపేది. ఒక్కో అక్షరం ఒక్కో మెట్టు. ఒక రాత్రి 'ఎల్', 'ఐ' వచ్చి అక్కడే ఆగింది. నేను అంతకుముందే బూట్ ఫైళ్లను వేరేచోటికి మార్చాను. లిలో ఫైళ్లను పేరుతో వెతకదు, డిస్కులో అవి ఉన్న చోటును గుర్తు పెట్టుకుంటుంది. అందుకే మార్చిన ప్రతిసారీ లిలో కమాండ్‌ను మళ్లీ నడపాలి. రెస్క్యూ ఫ్లాపీతో లోపలికి వెళ్లి ఆ ఒక్క పని చేసి ఉంటే సరిపోయేది. నాకు తెలియలేదు. అర్ధరాత్రి దాటాక విసిగిపోయి ఫార్మాట్ చేశాను. తాతయ్య చెబుతుంటే నేను టైపు చేసిన ఆయన చిన్ననాటి సంగతులు, 43 పేజీలు, అందులోనే ఉన్నాయి. పొద్దున్నే ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని, "నిన్న ఎక్కడ ఆపాం?" అన్నారు. మళ్లీ మొదలుపెట్టాం గానీ పన్నెండో పేజీ దాటలేదు.

అందుకే పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిచే లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, ముందు నీ హోమ్ డైరెక్టరీని బయటి డిస్కులోకి కాపీ చేసుకో. ఆ తర్వాతే నీ లినక్స్ ఉన్న రూట్ పార్టిషన్‌ను మౌంట్ చేసి, అంటే తగిలించి, సీహెచ్‌రూట్ కమాండ్‌తో దాని లోపలికి వెళ్లి గ్రబ్‌ను మళ్లీ ఎక్కించు. మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద మాత్రం డిస్కులో తప్పులు సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపకు, ఉన్నది కూడా పాడవచ్చు. నీకు ఇవన్నీ తెలిసే ఉంటాయి. అయినా చెప్పకుండా ఉండలేను.

తెర మీద చివరి వరుసలో ఏముందో ఫొటో తీసి పంపు. ఏ రాత్రయినా సరే, నేను మెలకువగానే ఉంటాను. ఛార్జర్ మాత్రం పెట్టే ఉంచు, పని మధ్యలో బ్యాటరీ అయిపోకూడదు.

మీ అమ్మ