బి.ఎడ్.లో అడవి నవల చదివించండి

సంపాదకులు గారికి,

బి.ఎడ్. విద్యార్థులకు పర్యావరణ విద్య అంటే నిర్వచనాలు బట్టీపట్టడం, గైడు చూసి రికార్డు నింపడంగానే మిగులుతోంది. ఈమధ్య మా బంధువులమ్మాయి రికార్డు తిరగేశాను. 'జీవవైవిధ్యం' పేజీలో జిరాఫీ బొమ్మ అంటించి ఉంది. తిరుపతిలో, శేషాచలం కిందే చదువుతున్న అమ్మాయి! ఎర్రచందనం ఊసే లేదు. ప్రపంచం మొత్తంలో ఆ చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించింది కూడా 2010లోనే. తప్పు ఆ అమ్మాయిది కాదు, అలా నేర్పుతున్న మనది.

రెండేళ్ల బి.ఎడ్.లో పఠనం మీద ప్రత్యేకంగా ఒక కోర్సు ఉంది. అందులో మన సాహిత్యాన్ని ఎందుకు చదివించకూడదు? చిత్తూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి రాసిన 'అతడు అడవిని జయించాడు' చిన్న నవలే. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఓ ముసలాయన అడవిలోకి వెళ్తాడు. క్లాసులో నాలుగు పేజీలు గట్టిగా చదివించి, ఆ అడవి ఎవరిదని అడిగితే చాలు, వాదన దానంతటదే మొదలవుతుంది. మనిషి ఆకలి, జంతువు ఆకలి ఎదురుబొదురుగా నిలబడే చోటు అది. ఏ నిర్వచనమూ పిల్లల్ని అక్కడిదాకా తీసుకెళ్లలేదు.

తర్వాత స్వర్ణముఖి ఒడ్డు ఊళ్లకు పంపి, ఏటి గురించి పెద్దవాళ్లు చెప్పేది రాసుకు రమ్మనాలి. ఆ రాతలకే రికార్డు మార్కులు వేయాలి. వచ్చే ఏడాది సిలబస్‌లోనైనా విశ్వవిద్యాలయాలు దీన్ని చేర్చాలని కోరుతున్నాను.

- ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, తిరుపతి