ఉప్పు మడిలో పుట్టిన ప్రొటీన్

విశాఖపట్నం

ప్రియమైన రాఘవా,

"ప్రొటీన్ పాడైపోయే సరుకు, దాన్ని సర్క్యూట్లో ఎవరు పెడతారు?" అని మొన్న ఫోనులో కొట్టిపారేశావు. నాకు ఆ మాట మింగుడుపడలేదు, అందుకే తీరికగా రాస్తున్నాను.

రైలు నౌపడ దాటుతుంటే కిటికీలోంచి కనిపించే ఉప్పు మడులు గుర్తున్నాయి కదా? ఉప్పు బాగా చిక్కబడిన అలాంటి నీళ్లలో హాలోబాక్టీరియం అనే సూక్ష్మజీవి బతుకుతుంది. ఆక్సిజన్ కరువైనప్పుడు వెలుతురుతోనే శక్తిని సంపాదించుకోవడానికి దానికొక ఊదా రంగు పొర ఉంది. అందులోని ప్రొటీన్ పేరు బాక్టీరియోరొడాప్సిన్. 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకెనియస్ అనే శాస్త్రవేత్తలు దాని సంగతి బయటపెట్టారు. అంత ఉప్పుకూ ఎండకూ అలవాటుపడింది కనుక 80 డిగ్రీల వేడిలో కూడా చెడదు. ఎండబెట్టిన పొర అయితే మరీ గట్టిది.

దాని గుండెలో ఉండేది రెటినాల్. మన కంట్లోనూ ఉన్నది అదే, విటమిన్ ఏ నుంచి వచ్చేదే. వెలుగు తగలగానే రెటినాల్ మెలి తిరుగుతుంది, ఒక ప్రోటాన్ పొర అవతలికి పోతుంది. ఊదా రంగు పసుపుగా మారి, మిల్లీసెకన్లలో మళ్లీ మొదటికి వస్తుంది. ఈ రెండు రంగులతో కంప్యూటర్‌లోలా సమాచారం దాచుకోవాలంటే అంత తొందర పనికిరాదు. ఇక్కడే మనిషి చెయ్యి పడింది. ఖాళీ అయిన చోటికి ప్రోటాన్‌ను తిరిగి అందించేది ప్రొటీన్ గొలుసులో 96వ స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం. జన్యువులో ఒక్క అక్షరం మార్చి అక్కడ ఆస్పరాజిన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని నిలబెడితే, అందించేవాళ్లు లేక పసుపు రంగు సెకన్ల తరబడి ఆగిపోతుంది. మళ్లీ చెరిపేయాలంటే నీలి కాంతి చాలు. మొత్తం 248 అమైనో ఆమ్లాల్లో ఒక్కటి మారితే ఇంత తేడా!

సమాచారం దాచే పందెంలో సిలికాన్ చిప్‌లదే గెలుపు, ఒప్పుకుంటాను. కానీ చూపు విషయం వేరు. 1992లో జపాన్‌లో మియసాకా బృందం ఈ పొరను కరెంటు పారే పారదర్శక గాజుపై పరిచి చూసింది. నిలకడగా వెలుగు పడుతుంటే కరెంటు రాదు. వెలుగు పడ్డ క్షణాన ఒక దిశలో, ఆగిన క్షణాన ఎదురు దిశలో వస్తుంది. అంటే కదిలే వస్తువు అంచులు మాత్రమే దానికి కనిపిస్తాయి. కదలికను పట్టుకోవడానికి వేరే లెక్కలు కట్టే పనే లేదు! ఇప్పుడు అమెరికాలో లాంబ్డావిజన్ సంస్థ ఈ ప్రొటీన్‌నే పొరలు పొరలుగా పేర్చి, చూపు పోయినవారికి కృత్రిమ రెటీనా చేయాలని చూస్తోంది. బరువు తెలియని చోట పొరలు సమంగా కుదురుతాయని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కూడా పేర్చి చూశారు. దీని అసలు చోటు కన్నే అని నాకు గట్టి నమ్మకం.

మా కాలేజీ పిల్లలతో ఆ గాజు ప్రయోగం చేయించాలని ఉంది. అంత చిన్న కరెంటును పట్టే ఆంప్లిఫయర్ ఎలా కట్టాలో నువ్వే గీసి పంపాలి.

నీ
సూర్యం