నవనందుల దారికి కొత్త ట్రాకు వద్దు, అంచు పూడిస్తే చాలు

సంపాదకులకు నమస్కారం.

సైకిల్ పర్యాటకం అనగానే రంగు వేసిన ప్రత్యేక ట్రాకే కళ్లముందు మెదులుతోంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సౌరఫలకాల ట్రాకు ఆ నగరానికి అవసరమే. నల్లమల పాదాన ఉన్న నంద్యాలకు మాత్రం అలాంటిది కట్టక్కర్లేదు. ఇక్కడ దారి ఎప్పుడో పడి ఉంది. కార్తీక సోమవారం పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేలోపు నవనందులని పిలిచే తొమ్మిది శివక్షేత్రాలనూ దర్శించుకోవడం ఈ సీమలో ఆనవాయితీ. ఆ చుట్టు సైకిలుకు కొలిచి చేసినట్టు ఉంటుంది. దాన్ని పాడు కాకుండా చూసుకుంటే చాలని చెప్పడానికే ఈ ఉత్తరం.

ప్రథమనంది చామకాలువ పక్కన, నాగనంది ఆంజనేయస్వామి గుడిలో ఉన్నాయి. సోమనంది కూడా ఊళ్లోనే. మహానంది రోడ్డు పట్టి సుమారు 8 కిలోమీటర్లు పోతే సూర్యనంది వస్తుంది. అక్కడి నుంచి ఉత్తరం వైపు పల్లెదారుల్లో కడమలకాల్వ చేరితే శివనంది. తర్వాత తెలుగుగంగ కాలువ దగ్గర, మహానందికి దాదాపు 4 కిలోమీటర్ల ఇవతల కృష్ణనంది. ఇక వినాయకనంది, గరుడనంది మహానంది గుడిని ఆనుకునే ఉన్నాయి. తిరిగి నేరుగా నంద్యాల చేరేసరికి 40 కిలోమీటర్ల పైచిలుకు అవుతుంది. ఘాట్ ఎక్కే పని లేదు కనుక గేర్లు లేని సాదా సైకిలైనా చాలు. సీటు ఎత్తు మాత్రం సరిచూసుకోవాలి. పెడలు కింద ఉన్నప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా సాగాలి. సీటు అంతకన్నా కిందికి ఉంటే 20 కిలోమీటర్లు దాటగానే మోకాళ్లు పట్టేస్తాయి.

ఈ వరుసను తిరగేయవద్దు. మహానంది నంద్యాలకు దాదాపు సూటిగా తూర్పున ఉంది. చలికాలంలో పొద్దున 6 గంటలకు బయలుదేరితే సూర్యనంది చేరేసరికి వెలుగు వస్తుంది. ఎండ ముఖాన కొట్టే వేళకు ఉత్తరానికి తిరుగుతారు కాబట్టి సూర్యుడు కుడిచేతి వైపు ఉంటాడు. తిరుగు ప్రయాణంలో వీపు మీద పడతాడు. గాలి సంగతీ అంతే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్కువగా ఈశాన్యపు గాలి. పోయేటప్పుడు కాస్త ఎదురైనా, కాళ్లు అలిసిపోయి ఇంటిదారి పట్టినప్పుడు వెనక నుంచి తోస్తుంది. జూన్, జులైల్లో పడమటి గాలి సరిగ్గా దీనికి తలకిందులు. హాయిగా మహానంది దాకా పోయి, వెనక్కి వచ్చేటప్పుడు ఎదురుగాలిలో చతికిలబడేవాళ్లు ఈ లెక్క చూసుకోనివాళ్లే. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. ఆ రెండు నెలలూ ఈ చుట్టు పెట్టుకోకపోవడమే మేలు.

ఇక అసలు ఇబ్బంది రోడ్డు అంచు. తారు మీద తారు వేసుకుంటూ పోతున్నారు తప్ప పక్కన మట్టిని ఆ ఎత్తుకు లేపడం లేదు. నాలుగైదు వేళ్ల మందాన తారు అంచు కత్తిరించినట్టు నిలబడి ఉంటుంది. వెనక నుంచి బస్సు హారన్ కొట్టగానే సైకిల్ మనిషి కిందికి దిగుతాడు. దిగడం తేలికే, ఎక్కడంలోనే ప్రమాదం. అంచుకు సమాంతరంగా పోతూ చక్రాన్ని మెల్లగా పైకి లాగితే టైరు పక్కభాగం తారుకు రాసుకుని, ముందు చక్రం అక్కడే ఆగి, మనిషి రోడ్డు మధ్యలోకి పడతాడు. అలాంటి చోట ఆగి, సైకిలు ఎత్తి పెట్టుకోవాలి. ఆగే వీలు లేకపోతే వేగం బాగా తగ్గించి, వెనక వాహనం లేదని చూసుకుని, చక్రాన్ని వీలైనంత అడ్డంగా తిప్పి ఎక్కించాలి. రోడ్డు చూసుకునేవారు ఈ అంచు పొడవునా మీటరు వెడల్పు కంకరమట్టి పోసి తారుతో సమం చేస్తే సైకిళ్లకే కాదు, మోటారు సైకిళ్లకూ ఎడ్లబళ్లకూ మేలు.

కోతల కాలంలో మరొకటి. మొక్కజొన్నలు, వడ్లు తారురోడ్డు మీద ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. గింజలు ఎత్తుకుపోయాక కొన్ని రాళ్లు అక్కడే మిగిలిపోతాయి. తెల్లవారుజామున మసక వెలుతురులో పిడికిలంత రాయి కనపడదు. రైతును తప్పుపట్టడం న్యాయం కాదు, కళ్లం చాలనివాడు ఇంకెక్కడ ఆరబోస్తాడు? ఊరికో సిమెంటు కళ్లం కడితే రైతుకూ దారినపోయేవాడికీ ఇద్దరికీ ఊరట. అందాకా ముందు లైటు లేకుండా ఈ దారిలో బయలుదేరవద్దు.

ఈ చుట్టులో అన్నిటికన్నా అందమైన భాగం కాలువ వెంట. వెలుగోడు జలాశయం నుంచి బ్రహ్మంసాగర్ వైపు సాగే తెలుగుగంగ కాలువ కొండ పాదాన్ని పట్టుకునే పోతుంది. నీళ్లు నిదానంగా పారడానికి కాలువకు అతి తక్కువ వాలు ఇస్తారు. అందుకే గట్టు మీద ఎక్కుడూ దిగుడూ దాదాపు ఉండవు. ఒక పక్క నీళ్లు, మరో పక్క కొండలు, దిగువన అరటితోటలు. కానీ ఈ గట్టును గౌరవించాలి. కొండ మీది నుంచి వచ్చే వాగులు కాలువను దాటేచోట వాన తర్వాత గట్టు కోసుకుపోయి ఉండవచ్చు. మలుపు అవతల దారి ఉందో లేదో కనిపించేదాకా వేగం పెంచవద్దు. లైనింగ్ వేసిన చోట నీటి దగ్గరికి దిగనే వద్దు. పాచి పట్టిన సిమెంటు వాలు మీద కాలు నిలవదు, ఈత వచ్చినవాడు కూడా పైకి పాకి రాలేడు. సీసాలో నీళ్లు నింపుకోవడానికి వంగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అలాంటి చోట్ల ప్రతి అరకిలోమీటరుకూ ఒక ఇనుపమెట్ల వరుస, ఒక గొలుసు బిగిస్తే ప్రాణాలు నిలుస్తాయి.

గట్టు పక్కనంతా సర్కారు తుమ్మ. దాని ముల్లు చెప్పు అడుగునే దాటుతుంది, సైకిల్ టైరు ఎంత? పంచరైతే ట్యూబు మార్చే ముందు టైరు లోపలి వైపు గుడ్డతో చుట్టూ తుడవండి. ముల్లు మొన లోపలే ఉంటే గుడ్డకు తట్టుకుంటుంది. వేలితో తడిమితే వేలికి దిగుతుంది. ఈ పని చేయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులుంటే అది ముల్లు కాదు, గాలి తక్కువై రాయి మీద ట్యూబు నలిగిందని అర్థం. ప్యాచ్ వేసేటప్పుడు ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, తడి మెరుపు పోయేదాకా నాలుగైదు నిమిషాలు ఆగాలి. తడి మీదే అతికిస్తే గాలి కొట్టగానే లేచిపోతుంది. 35 మిల్లీమీటర్ల టైరుకు, 70 కిలోల మనిషికి తారు మీద 50 పౌండ్ల గాలి బాగుంటుంది. గట్టు ఎక్కేముందు ఓ ఐదు పౌండ్లు తగ్గిస్తే చేతులకు అదురు తగ్గుతుంది. గేర్ల సైకిళ్లలో కొన్నిటికి సన్న వాల్వు ఉంటుంది. పల్లెల్లో పంచరు కొట్ల పంపు దానికి పట్టదు. వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో వేసుకుంటే చాలు. మోటారు బండ్లకు వాడే కంప్రెసర్ గొట్టం మాత్రం సైకిల్ ట్యూబుకు ఆనించి వదిలేయవద్దు. చిటికెలో పగులుతుంది.

వాన పడ్డాక కనీసం రెండు రోజులు పొలాల డొంకల్లోకి వెళ్లవద్దు. నల్లరేగడి టైరుకు చుట్టుకుని, ఫోర్కుకూ మడ్‌గార్డుకూ మధ్య ముద్ద కట్టి చక్రాన్ని బిగించేస్తుంది. అప్పుడు బలవంతంగా తొక్కితే వెనక గేర్లను పట్టి ఉంచే కొక్కెం విరుగుతుంది. దిగి, పుల్లతో గీకి, సైకిలు భుజాన వేసుకోవడమే గతి. కొండ దగ్గరి ఎర్ర గరుసు నేల అలా కాదు, పూట తిరగకముందే ఆరుతుంది.

మహానంది దాటి అడవిలోకి పోయే బాటలు సైకిల్ షికారుకు కావు. అది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 2024లో గుడి పరిసరాల్లోనే చిరుత తిరిగింది. పూర్తిగా తెల్లారకముందూ, పొద్దుగుంకాకా కొండ అంచున ఒంటరిగా ఉండకూడదు. అడవిపందుల కోసం తోటలకు కట్టిన తీగలకు చేయి తగలనీయవద్దు, కరెంటు ఉండవచ్చు. ఏడాది పొడవునా ఊరే మహానంది కోనేటి నీళ్లలో అడుగున పడ్డ నాణెం కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ నీళ్లే అరటితోటలకు పారుతున్నాయి. అక్కడ సబ్బు వాడవద్దు, ప్లాస్టిక్ సీసా వదలవద్దు.

అధికారులకు చివరి మనవి. సూర్యనంది తర్వాత, కృష్ణనంది ముందు దారి చీలేచోట తెలుగులో దూరం రాసిన చిన్న రాళ్లు పాతండి. పదడుగుల ఎత్తు బోర్డు కారుకు పనికొస్తుంది, తల వంచుకుని తొక్కేవాడికి నడుమెత్తు రాయి కనిపిస్తుంది. స్పీడ్ బ్రేకర్లకు ఎడమ చివర రెండడుగుల సందు వదిలితే వాననీరూ పోతుంది, సైకిలూ పోతుంది. అంచు మట్టి పనులు కార్తీకానికి ముందే ముగించండి. పోసిన కంకరమట్టిని తడిపి రోలరు తొక్కించాలి. పొడిగా పోసి వదిలేస్తే లారీ చక్రాలకు ఎగిరిపోయి, నెల తిరక్కుండా ఆ గుంట మళ్లీ అక్కడే ఉంటుంది.

— ఒక పాఠకుడు, నంద్యాల