పరీక్షించని మగ గుర్రాలు, వాటి పిల్లల నమోదు

అయ్యా,

గుర్రాలు, గాడిదలు, ఒంటెల పెంపకానికి ముందుకొచ్చే వ్యక్తులకు, సంఘాలకు పెట్టుబడిలో సగాన్ని, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల దాకా, రాయితీగా ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం 2024 ఫిబ్రవరిలో నిర్ణయించింది. 2019 పశుగణన నాటికి దేశంలో గుర్రాలు, తట్టు గుర్రాలు కలిపి సుమారు 3.4 లక్షలే మిగిలాయి. 2012 లెక్కతో పోలిస్తే ఇది 45 శాతానికి మించిన తగ్గుదల. కనుక ఈ సాయం అవసరమైనదే. అయితే సంఖ్య పెంచడానికి ముందు, ఏ మగ గుర్రంతో పెంచుతున్నామో ఎవరైనా చూడాలి. హైదరాబాదు గుర్రపుశాలల్లో చాలాకాలం వైద్యం చేసినవాడిగా ఈ విషయాన్ని పశుసంవర్ధక శాఖ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మలక్‌పేటలో పరుగెత్తే థరోబ్రెడ్ గుర్రాల సంగతి వేరు. వాటి వంశావళిని పుణేలోని స్టడ్‌బుక్ అథారిటీ నిర్వహిస్తుంది. డీఎన్‌ఏ పరీక్షలో తల్లిదండ్రులు రుజువైతేనే పిల్ల పేరు పుస్తకానికెక్కుతుంది. మగ గుర్రం సత్తా చాలావరకు రేసుల్లోనే తేలుతుంది. నేను చెబుతున్నది పాతబస్తీలో పెళ్లి బరాతులకు తిప్పే గుర్రాల గురించి, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లలో ముచ్చటపడి పెంచే మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల గురించి. నాందేడ్ జిల్లా మాలేగావ్ జాతరలోనో, సారంగ్‌ఖేడా సంతలోనో కొనేటప్పుడు సుడులు చూస్తారు, పంచకల్యాణి (నాలుగు కాళ్లు, ముఖం తెల్లగా ఉన్నది) అవునో కాదో చూస్తారు, చెవుల కొనలు ఒకదానికొకటి తాకుతున్నాయా అని చూస్తారు. పెదవి ఎత్తి పళ్లు చూసేది వయసు కోసమే.

శివారులోని ఒక శాలలో మంచి ఎత్తు, రంగు ఉన్న మగ గుర్రాన్ని నాకు చూపించారు. దాని పై పళ్ల వరుస కింది వరుసను దాటి వేలి వెడల్పున ముందుకు పొడుచుకొచ్చి ఉంది. పచ్చిగడ్డిని కొరకలేక పెదవులతో పట్టి లాగుతోంది. వృషణాల్లో ఒకటి కిందికి దిగనే లేదు. రెండూ వంశంలో దిగే అవకాశమున్న లోపాలే. అయినా దాటించడానికి వేరే శాలల నుంచి తెచ్చిన ఆడ గుర్రాలు ఆ పక్కనే కట్టేసి ఉన్నాయి. అడిగితే, "డాక్టర్ సాబ్, రంగు చూడుండ్రి, పిల్లకు గిరాకీ ఎట్లుంటదో!" అన్నాడు యజమాని. ఆయనను నేను నిందించలేను. ఇది పనికొస్తుందని గానీ, పనికిరాదని గానీ అధికారికంగా చెప్పేవారు లేనప్పుడు బేరగాడి మాటే ఆయనకు ప్రమాణమవుతుంది.

ఆడ గుర్రం దాదాపు పదకొండు నెలలు మోసి ఒక్క పిల్లను ఈనుతుంది. మగ గుర్రమైతే ఒక్క ఎదకాలంలోనే పదుల పిల్లలకు తండ్రి కాగలదు. ఘనీకృత వీర్యం వాడితే ఆ సంఖ్యకు దూరం కూడా అడ్డు కాదు. అందుకే కఠినమైన ఎంపిక ముందుగా మగదాని దగ్గరే మొదలవ్వాలి. జర్మనీలో హనోవర్ జాతి మగ గుర్రాలను రెండున్నరేళ్ల వయసులో వెర్డెన్ పట్టణానికి తెచ్చి, గట్టి నేల మీద నడిపించి, రౌతు లేకుండా దూకించి, ఎక్స్‌రేలు పరిశీలించి ఆమోదిస్తారు. తరువాత రౌతుతో పనితనం పరీక్ష కూడా ఉంటుంది. కంటిచూపు ఒక్కటే చాలదని అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే క్వార్టర్ హార్స్ జాతి స్టాలియన్ (పెంపకానికి వాడే మగ గుర్రం) కండపుష్టికి పేరుమోసి, ప్రదర్శనల్లో గెలిచి, వేలాది సంతతికి మూలమైంది. కండరాలు హఠాత్తుగా వణికి చచ్చుబడే జన్యువ్యాధి ఒకటి ఆ వంశంలోనే పాకిందని తరువాత తేలింది. ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా సంక్రమించిన పిల్లలను 2007 నుంచి అక్కడి క్వార్టర్ హార్స్ సంఘం నమోదు చేయడం లేదు. మంచి న్యాయనిర్ణేతలు మెచ్చిన గుర్రంలోనే ఇంత లోపం దాగినప్పుడు, రక్తపరీక్ష లేని ఎంపికను ఎలా నమ్మగలం?

మన రాష్ట్రానికి ఈ పని కొత్త కాదు. కరీంనగర్ ఘనీకృత వీర్య కేంద్రంలో ఆబోతులకు, దున్నపోతులకు క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి వ్యాధుల పరీక్షలు జరిగాకే వీర్యం సేకరిస్తారు. గేదెకు పాటించే జాగ్రత్త గుర్రానికి ఎందుకు వద్దు?

ఇక నమోదు. పరీక్ష లేని మగ గుర్రానికి పుట్టిన పిల్లను అసలు వంశావళి పుస్తకంలో రాయకూడదని కొందరు మిత్రులు వాదిస్తారు. నేను ఒప్పుకోను. రాయకపోతే ఆ పిల్ల మాయం కాదు, కాగితం లేకుండా చేతులు మారుతుంది. గ్లాండర్స్ అనే అంటువ్యాధి సోకిన గుర్రం ఎక్కడి నుంచి వచ్చింది, ఏయే శాలల్లో ఉంది అని వెతకాల్సి వచ్చినప్పుడు ఆధారం ఉండదు. ఆ వ్యాధి మనుషులకూ సోకుతుంది. పైగా తండ్రి ఎంపికలో మనుషులు చేసిన పొరపాటుకు పిల్లను శిక్షించడం న్యాయం కాదు. అలాగని ఆమోదం పొందిన స్టాలియన్ పిల్లకూ, పొందని దాని పిల్లకూ ఒకే రకం పత్రం ఇస్తే, డబ్బు ఖర్చుపెట్టి పరీక్ష చేయించిన యజమాని నష్టపోతాడు, కొనేవాడు మోసపోతాడు. 1879 నుంచి నడుస్తున్న నెదర్లాండ్స్ ఫ్రీషియన్ జాతి గుర్రాల స్టడ్‌బుక్ ఆమోదం లేని తండ్రుల పిల్లలను ప్రధాన పుస్తకంలో కాక, బి-బుక్ అనే వేరే విభాగంలో నమోదు చేస్తుంది. డీఎన్‌ఏతో తండ్రిని నిర్ధారించి, ఆ తండ్రికి పరీక్ష జరిగిందో లేదో పత్రం మీదనే స్పష్టంగా రాసే పద్ధతి మనకూ కావాలి.

ఉన్నవే కొన్ని, అందులోనూ మగవాటిని తొలగిస్తే రక్తసంబంధం మరీ దగ్గరవుతుందన్న అభ్యంతరం తీసిపారేయదగినది కాదు. ఆ ఫ్రీషియన్ జాతిలోనే 1913 నాటికి మూడు స్టాలియన్లు మాత్రమే మిగిలాయి. మరుగుజ్జుతనం, తలలో నీరు చేరడం వంటి జన్యులోపాలతో ఆ జాతి పెంపకందారులు నేటికీ ఇబ్బంది పడుతున్నారు. అందుచేత మన దగ్గర రంగు, సుడి, చెవుల వంపు వంటి కారణాలతో ఏ గుర్రాన్నీ తిరస్కరించకూడదు. దవడ, వృషణాలు, కాళ్ల నిర్మాణం, స్వభావం, అంటువ్యాధులు, తెలిసిన జన్యులోపాలు, వీటి వరకే పరీక్షను పరిమితం చేయాలి.

రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల నిపుణులు, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం సహకారంతో ఏటా ఎదకాలానికి ముందే ఈ పరీక్షలు జరిపేలా పశుసంవర్ధక శాఖ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. రుసుమును దాటింపు సొమ్ము తీసుకునే స్టాలియన్ యజమాని నుంచే వసూలు చేయాలి. పిల్ల నమోదు ఉచితంగా ఉండాలి. రాయితీకి వచ్చే దరఖాస్తులో మగ గుర్రం పరీక్షా పత్రాన్ని తప్పనిసరి చేయడానికి ఒక ఉత్తర్వు చాలు. మొదటి విడత డబ్బు విడుదల కాకముందే ఆ ఉత్తర్వు వెలువడాలని నా విన్నపం.

భవదీయుడు,
విశ్రాంత పశువైద్యుడు, హైదరాబాదు