అవుట్‌బ్యాక్‌కి శాటిలైట్ ఫోన్ కొంటున్నారా?

ఎడిటర్ గారికి నమస్కారం. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళు చాలామంది కార్లేసుకుని అవుట్‌బ్యాక్‌కి, అంటే జనం పెద్దగా ఉండని లోపలి ప్రాంతాలకి, సింప్సన్ ఎడారి, గిబ్ రివర్ రోడ్ అంటూ బయల్దేరతారు, ఊరు దాటాక మొబైల్ సిగ్నల్ ఉండదని తెలిసి కూడా శాటిలైట్ ఫోన్ సంగతి ఆఖర్న చూసుకుంటారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది కదా అని తురాయా కంపెనీ శాటిలైట్ ఫోన్ మాత్రం కొనకండి, ఆస్ట్రేలియాకి సిగ్నల్ ఇచ్చే తురాయా-3 శాటిలైట్ 2024 ఏప్రిల్‌లో పాడైపోయింది, అక్కడ ఇక అది ఉత్త బొమ్మే. ఇరిడియం అనే ఇంకో కంపెనీకైతే 66 శాటిలైట్లు, సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూనే ఉంటాయి కాబట్టి లోయలో ఉన్నా కాసేపు ఆగితే ఏదో ఒకటి నెత్తిమీదకొస్తుంది, ఇన్‌మార్‌శాట్ కంపెనీ శాటిలైట్ దాదాపు 36 వేల కిలోమీటర్ల దూరంలో ఒకేచోట ఉన్నట్టుంటుంది, అటువైపు కొండ అడ్డొచ్చిందా అంతే సంగతులు. ఏది కొన్నా పైన ఆకాశం కనపడాలి, కార్లో కూర్చుని మాట్లాడదామంటే కుదరదు. ఒక్క ట్రిప్పే అయితే అద్దెకి తీసుకోవడం నయం. నన్నడిగితే ఫోన్ ఉన్నా సరే 406 మెగాహెర్ట్జ్ పీఎల్‌బీ (ఆపదలో ఆన్ చేస్తే శాటిలైట్ ద్వారా రెస్క్యూ వాళ్ళకి కబురు పంపే చిన్న పరికరం) ఒకటి ఒంటిమీద ఉండాల్సిందే, దానికి నెలనెలా బిల్లు లేదు, అక్కడి మారిటైమ్ సేఫ్టీ అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ కూడా ఫ్రీ. అన్నట్టు ఇండియా వచ్చేటప్పుడు ఆ శాటిలైట్ ఫోన్ బ్యాగులో పడేసుకుని రాకండి, ఇక్కడ పర్మిషన్ లేకుండా తేకూడదు.

- ఒక పాఠకుడు